పాడినవారు

దమయంతి గారికి కోపం ఎక్కువ. కెనడాలోని మిస్సిసాగాలో ఏ తెలుగింటి తలుపు తట్టినా ఈ మాట చెబుతారు, కొందరు నవ్వుతూ, కొందరు ఆవిడ చుట్టుపక్కల లేరు కదా అని ఓసారి అటూ ఇటూ చూసుకుని. కూరలో ఉప్పు తక్కువైతే ఆవిడకి కోపం రాదు. మంచులో కారు ఇరుక్కుపోతే రాదు. 401 హైవే మీద ఎవడో ఇండికేటర్ వేయకుండా ముందుకు దూరినా, పోనీ పాపం ఏం తొందరో అని ఊరుకుంటారు. ఆవిడ కోపమంతా మాట చివర తగిలే చిన్న ముక్క మీద. ఒకళ్ళకి "వచ్చారు", ఇంకొకళ్ళకి "వచ్చింది". ఎవరికి ఏది, ఎందుకు, ఎవరు నిర్ణయించారు? ఇదీ ఆవిడ తగువు.

అందుకని ఈ కథలో ఆవిడ గురించి "అన్నది, వెళ్ళింది" అని రాయడం కుదరదు. మన కథల్లో మగవాడికి కాస్త వయసూ ఓ ఉద్యోగమూ ఉంటే చాలు, "ఆయన అన్నారు" అయిపోతాడు. ఆడమనిషి తల నెరిసినా "ఆమె అన్నది" దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ మాత్రం మొదటినుంచీ చివరిదాకా దమయంతి గారు అన్నారు, వెళ్ళారు, మండిపడ్డారు. చదివేవాళ్ళకి ఎక్కడైనా ఎబ్బెట్టుగా తగిలితే, ఆ ఎబ్బెట్టు తమలోకి ఎప్పుడు వచ్చి చేరిందో వాళ్ళే ఆలోచించుకోవాలి.

ఆవిడ ఉద్యోగం ఒక మందుల కంపెనీలో, పెట్టెల మీద లేబుళ్ళు సరిచూడటం. ఇంగ్లీషులో ఎంత అక్షరం ఉందో ఫ్రెంచిలోనూ అంతే ఉండాలి, ఒక భాష పెద్దగా ఇంకో భాష చిన్నగా ఉంటే ఆ పెట్టె వెనక్కి పోవలసిందే. ఈ పని ఆవిడకి ఇష్టం. భర్త రాజగోపాల్ గారు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక లాజిస్టిక్స్ కంపెనీలో ట్రక్కులు పంపించే డెస్కులో ఉంటారు. గొడవలంటే ఆయనకి భయం, అలాంటాయన ఈవిడని చేసుకున్నారు. కూతురు నిఖిల యూనివర్సిటీలో చదువుతోంది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం ఎక్కువగా ఇంగ్లీషే వస్తుంది. మొదట విన్నిపెగ్‌లో దిగి, అక్కడి చలికి దణ్ణం పెట్టి, మిస్సిసాగాకొచ్చి టౌన్‌హౌస్ కొనుక్కున్న కుటుంబం. ఇలాంటి కుటుంబాలు ఆ వీధిలోనే ఎన్నో ఉన్నాయి. కాకపోతే ఈ ఇంట్లో ఒక గొంతు ఉంది.

దమయంతి గారు పెళ్ళికి ముందు రేడియోలో క్యాజువల్ అనౌన్సర్, పిలిచిన రోజు వెళ్ళి చదివే ఉద్యోగం. ఆ గొంతు వింటే వంటింట్లో గిన్నెలు తోముతున్నవాళ్ళు కూడా చెయ్యి ఆపి వినేవారట. ఆ గొంతు సంగతి ఎలాగో తెలుసుకుని పిలిపించుకున్నవారు గంట దూరంలో కిచెనర్ అనే ఊళ్ళో ఉండే వీరభద్రరావు గారు. గోదావరి వైపు ఏదో కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి, భార్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పాటు ఇక్కడికొచ్చి, ఇంటి బేస్‌మెంట్‌లో చిన్న స్టూడియో పెట్టుకున్నారు. ఇంగ్లీషు డాక్యుమెంటరీలకి తెలుగు వ్యాఖ్యానం రాయడం, రికార్డు చేయించడం ఆయన పని. రాత ఆయనదే. మనిషి చాలా మంచివారు. వచ్చినవాళ్ళకి ఉప్మా పెట్టందే పంపరు, గట్టిగా మాట్లాడరు, ప్రతి ఆడమనిషినీ "అమ్మా" అనే పిలుస్తారు. చెడ్డవాడైతే ఈ కథకి ఇంత చిక్కు ఉండకపోను.

ఒక చానల్ కోసం అమెరికా కళాకారుల జీవిత చిత్రాలు తెలుగులోకి తెస్తున్నారు. ఒక్కొక్క సినిమాలో ఒక్కొక్కరి కథ. గాజు మేడలు కట్టిన ఆర్కిటెక్టు, ఓ కవి, ఓ స్వరకర్త, ఓ చిత్రకారుడు, నలుగురూ అయ్యారు. నలుగురికీ వ్యాఖ్యానం దమయంతి గారి గొంతే. ఆర్కిటెక్టు గారు కట్టుకున్న భార్యని వదిలేశారు. కవి గారు తాగి మెట్ల మీద పడిపోయారు. చిత్రకారుడు గారు ఎదురుగా కూర్చున్న మోడల్‌ని కొట్టారు. వాళ్ళేం చేసినా మాట చివర "ఆరు" మాత్రం చెక్కుచెదరలేదు. దమయంతి గారు చదివారు, ఉప్మా తిన్నారు, ఇంటికొచ్చారు. గొప్పవాళ్ళు కదా, అలాగే అంటారు అనుకున్నారు.

అయిదో సినిమా కొరీన్ టాల్బట్ జీవితం.

ఆవిడ జార్జియాలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. పగలంతా ఊళ్ళో తెల్లవాళ్ళ ఇళ్ళలో బట్టలు ఉతికేవారు, ఉతుకుతూ పాటలు కట్టేవారు. గిటారు ఆవిడకి ఎవరూ నేర్పలేదు. విట్కోమ్ అనే రికార్డుల వ్యాపారి ఆవిడని ఒక సామాన్లగదిలో కూర్చోబెట్టి, గోడలకి బొంతలు వేలాడదీసి, ఆ పాటలు రికార్డు చేశాడు. రికార్డు మీద సంగీతం విట్కోమ్ అని పెద్దగా వేసుకున్నాడు. కింద చిన్నగా కొరీన్. ఇంటిపేరు కూడా లేదు. ఆ రోజుల్లో అక్కడ తెల్లవాళ్ళు నల్ల ఆడవాళ్ళని మిస్ అని గానీ మిసెస్ అని గానీ పిలిచేవారు కాదు, ఒట్టి పేరు పెట్టి పిలిచేవారు. కొరీన్ టాల్బట్ దాని మీదే పోట్లాడారు. ఒక రేడియో స్టేషన్‌లో అనౌన్సర్ "ఇప్పుడు కొరీన్ పాడుతుంది" అనగానే ఆవిడ గిటారు కింద పెట్టేశారు. మిసెస్ టాల్బట్ అనేదాకా పాడనన్నారు. చివరికి అనిపించుకున్నారు. సినిమాకి గుండెకాయ ఆ ఘట్టమే.

ఆ శనివారం పొద్దున బయట మంచు పడుతోంది. దమయంతి గారు బూత్‌లో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. అద్దం అవతల రికార్డింగ్ చూసే మధుమిత, పక్కన వీరభద్రరావు గారు. మధుమిత వారమంతా ఐటీ ఆఫీసులో పనిచేసి, శని ఆదివారాలు ఇక్కడ సౌండు చూస్తుంది. దమయంతి గారు కథ ధోరణిలో పడి, మాట చివరలు గమనించుకోకుండా చదువుకుంటూ పోతున్నారు. రేడియో స్టేషన్ ఘట్టం వచ్చింది. కాగితం మీద ఇలా ఉంది:

"అనౌన్సర్ కొరీన్ అని పిలవగానే ఆమె గిటారు కింద పెట్టేసింది. తనని మిసెస్ టాల్బట్ అని పిలిస్తేనే పాడతానని పట్టుబట్టింది. విట్కోమ్ ఎంతో ఓర్పుతో ఆమెకి నచ్చజెప్పారు."

ఆవిడ గొంతు ఆగిపోయింది. ఇంకోసారి చూశారు. పెట్టేసింది, పట్టుబట్టింది, నచ్చజెప్పారు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు.

"సార్, ఇది ఎవరు రాసిన్రు?"

కోపమొస్తే ఆవిడ మాటలోకి పుట్టిన ఊరు హనుమకొండ నడిచొస్తుంది. మధుమితకి ఆ సంగతి తెలుసు, కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"నేనేనమ్మా. ఏం, ఎక్కడైనా నోరు తిరగట్లేదా?" అన్నారు వీరభద్రరావు గారు.

"నోరు మంచిగనే తిరుగుతుంది. కడుపే మండుతుంది. ఇంగ్లీషుల ఆమె గురించి ఏముంది?"

"షీ సెడ్ అని ఉంటుంది."

"విట్కోమ్ గురించి?"

"హీ సెడ్. ఏమ్మా, ఏవైంది?"

"ఇద్దరికీ ఒకటే గదా సార్. మరి ఆయనకి ఈ 'ఆరు', ఆమెకి ఈ 'ఇంది', ఏ ఊర్నుంచి పట్టుకొచ్చిన్రు? మర్యాద ఇయ్యకపోతే పాడనని కూసున్న మనిషిని పట్టుకుని 'పట్టుబట్టింది' అని నేను చదవాల్నా?"

వీరభద్రరావు గారు నవ్వారు. ఆయన నవ్వు మెత్తగానే ఉంటుంది. "అది కాదమ్మా. ఆడవాళ్ళకి 'అన్నది' అనడం మర్యాదకి లోటేం కాదు. వార్తల్లో చూడు, కథల్లో చూడు. వ్యాకరణం ఒప్పుకుంటుంది."

"ఒప్పుకుంటది. పోయిన సినిమాల పెయింటర్‌కి ఇల్లు ఇచ్చిన ఆమె ఉండె గదా, బ్యాంకు ఓనర్ భార్య. ఒక్క బొమ్మ వెయ్యలే, ఒక్క పాట పాడలే. ఆమెకి మీరేం రాసిన్రు? 'ఆవిడ ఆదరించారు' అని రాసిన్రు. నేనే చదివిన. అప్పుడు వ్యాకరణం ఎటు పోయింది?"

"ఆవిడ హోదా వేరు కదమ్మా."

"ఏం హోదా?"

"అంటే, పెద్ద కుటుంబం. ఈమె పాపం బట్టలుతుక్కునే మనిషి. గొప్పగా పాడింది, కాదనను. కానీ చెవికి సహజంగా ఎలా వస్తే అలా రాస్తాం. అంతేనమ్మా, అందులో ఏమీ లేదు."

సహజంగా వస్తుందట. దమయంతి గారికి ఒళ్ళు మండిపోయింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టవచ్చు. ఈయన తిట్టలేదు. కొరీన్ టాల్బట్ ఊళ్ళోవాళ్ళు తెల్లవాళ్ళు గనక ఇవ్వని మర్యాద, ఈయన కిచెనర్‌లో స్వెట్టర్ వేసుకుని, వేడి కాఫీ తాగుతూ, ఏ కోపమూ లేకుండా, నవ్వుతూ ఇవ్వకుండా ఉండగలిగారు. ఇంగ్లీషులో లేని అవమానాన్ని తెలుగు చేసేటప్పుడు కలిపారు, కలిపినట్టు ఆయనకే తెలియదు. తెలియకపోవడమే ఆవిడకి భరించరానిదైంది.

ఎందుకంటే ఆ "సహజంగా" ఎలా ఉంటుందో ఆవిడకి చిన్నప్పుడే తెలుసు.

దమయంతి గారి తల్లి పేరు లక్ష్మమ్మ. హనుమకొండలో ఒక లెక్చరర్ ఇంట్లో అంట్లు తోమేవారు. తోముతూ పాడేవారు. నాట్ల పాటలు, పెళ్ళి పాటలు, ఎవరో చచ్చిపోతే ఏడ్చే పాటలు, అప్పటికప్పుడు తనే కట్టినవి. ఆ లెక్చరర్ జానపదాల మీద ఏదో రాస్తున్నాడు. టేపురికార్డరు తెచ్చి పెరట్లో పెట్టి ఆవిడ చేత పాడించాడు. కొన్నాళ్ళకి ఆ పాటలు రేడియోలో వస్తాయని కబురొచ్చింది. వాడంతా ఒక్క రేడియో చుట్టూ చేరింది. లక్ష్మమ్మ గారు ఆ రోజు కొత్త చీర కట్టుకున్నారు, రేడియోలో కనబడదని తెలిసి కూడా. దమయంతి అప్పటికి చిన్నపిల్ల, ఇంకా "గారు" తగలని వయసు, తల్లి ఒళ్ళో చేరి కూర్చుంది.

ముందు ఎవరిదో లలిత సంగీతం వచ్చింది. "పాడినవారు" అని ఒక పేరు చెప్పారు. తర్వాత ఇంకెవరో. "పాడినవారు" అని ఇంకో పేరు. ఆ తర్వాత జానపదాలు. "సేకరించినవారు" అని లెక్చరర్ పేరు డిగ్రీలతో సహా చెప్పారు. పాట వచ్చింది. పాట అయిపోయింది. అప్పుడు, లెక్చరర్ రాసిచ్చిన చీటీ చూసి కాబోలు, అనౌన్సర్ చక్కటి గొంతుతో చదివాడు: "పాడినది, లక్ష్మమ్మ."

వాడంతా చప్పట్లు కొట్టింది. లక్ష్మమ్మ గారు సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. చిన్నపిల్లకి అనిపించింది. "అమ్మా, అందరూ పాడినవారు, నువ్వొక్కదానివి పాడినది ఎందుకైనవ్?" అని అడిగింది. లక్ష్మమ్మ గారు నోటికి అడ్డమున్న కొంగు దించారు. తర్వాత, "అదే ఎక్కువ బిడ్డా, ఊకో" అన్నారు. ఆ సంతోషమంతా ఆవిడ ముఖంలోంచి పోవడం పిల్ల చూసింది. అడగకుండా ఉంటే బాగుండేదని ఒకసారి, అడిగి మంచిపని చేశానని ఒకసారి దమయంతి గారికి ఇప్పటికీ అనిపిస్తుంది.

పెద్దయ్యాక రేడియోలో చేరిందే ఆ ఒక్క మాట కోసం. ఏదో ఒక రోజు తల్లి పాట వేసి, "పాడినవారు లక్ష్మమ్మ గారు" అని తన నోటితో చెప్పాలి. తీరా చేరాక టేపు కోసం వెతికితే, దాని మీద వేరే కార్యక్రమమేదో ఎక్కించేశారని తెలిసింది. లెక్చరర్ పుస్తకం మాత్రం లైబ్రరీల్లో భద్రంగా ఉంది. లక్ష్మమ్మ గారు ఆ మాట వినకుండానే పోయారు.

అదంతా ఆవిడ బూత్‌లో కూర్చుని వీరభద్రరావు గారికి చెప్పలేదు. చెబితే జాలిపడతారు, అప్పుడు ఇంకా కోపం వస్తుంది. "నేను ఆవిడ, పాడారు, పట్టుబట్టారు అని చదువుత. ఇష్టమైతే తీసుకోన్రి, లేకుంటే ఇంకొకర్ని పిలిపించుకోన్రి" అన్నారు.

వీరభద్రరావు గారు చేతులు జోడించారు. "సరేలేమ్మా. నీ ఇష్టం. నీ మాట కాదంటానా?"

దమయంతి గారు మొదటినుంచీ మళ్ళీ చదివారు. కొరీన్ టాల్బట్ పుట్టారు, ఉతికారు, పాటలు కట్టారు, గిటారు కింద పెట్టేశారు. విట్కోమ్‌ని "నచ్చజెప్పాడు" అని దించేద్దామని నోటిదాకా వచ్చింది, కానీ ఆపుకున్నారు. వాడి మర్యాద వాడి దగ్గరే ఉండనీ, ఆవిడది ఆవిడకి వస్తే చాలు. బయటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. దారిలో ఆగి, రెండు వంతుల పాలూ రెండు వంతుల చక్కెరా వేసే డబుల్ డబుల్ కాఫీ కొనుక్కున్నారు, 401 మీద మంచులో నెమ్మదిగా కారు నడుపుతూ తల్లి పాట ఒకటి గుర్తున్నంతవరకూ పాడుకున్నారు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే రాజగోపాల్ గారు తల పట్టుకున్నారు. "ఒక్క అక్షరం కోసం అంత దూరం పోయి కొట్లాట పెట్టుకుంటవా? అయితే రేపట్నుంచి నేను నిన్ను మీరు అనాల్నా?"

"నేను నిన్న మొన్నట్నుంచా మిమ్మల్ని మీరు అంటున్నది? అంటే ఏం, నాలుక అరిగిపోతదా?"

ఆయన టీవీ వైపు తిరిగిపోయారు. నిఖిలకి మాత్రం కుతూహలం కలిగింది. "వెయిట్. ఇంగ్లీష్‌లో జస్ట్ షీ కదా. తెలుగులో లెవెల్స్ ఉంటాయా?"

"ఉంటయ్. అది. ఆమె. ఆవిడ." దమయంతి గారు వేళ్ళు ఒక్కొక్కటే మడిచి చూపించారు. "కింద నుంచి పైకి."

"సో, ఒరిజినల్‌లో అది లేదు. యూ గైస్ యాడెడ్ ఇట్?"

మీరే కలిపారా అని ఆ పిల్ల అడిగింది. వీరభద్రరావు గారికి ఇంత చదువుండీ తట్టని మాట. దమయంతి గారు కూతురి తల మీద చెయ్యి వేసి, "అవును, మనమే" అన్నారు.

నెల తిరిగేసరికి సినిమా తయారైంది. చానల్‌లో రావడానికి ముందు మిస్సిసాగాలో తెలుగువాళ్ళకి చూపిస్తామని ఒక కమ్యూనిటీ హాలు తీసుకున్నారు. కోట్లన్నీ వెనక కుర్చీల మీద గుట్టగా పడ్డాయి, అల్యూమినియం ట్రేలలో సమోసాలు, బూట్లకంటిన మంచు కరిగి నేలంతా తడి. దమయంతి గారు పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఒక పక్క భర్త, ఒక పక్క నిఖిల, వెనక వరసలో మధుమిత. దీపాలార్పారు.

తెర మీద జార్జియాలో ఒక మట్టిరోడ్డు. దమయంతి గారి గొంతు హాలంతా నిండింది. "కొరీన్ టాల్బట్ ఈ ఊళ్ళోనే పుట్టింది."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. చెవులు మోసం చేశాయనుకున్నారు. "చిన్నప్పటినుంచే బట్టలు ఉతికింది. ఉతుకుతూనే పాటలు కట్టింది." అదే గొంతు. ఆ ఊపిరి, ఆ విరుపు, అక్షరం మీద ఆ ఒత్తు, అన్నీ తనవే. తను రెండోసారి చదివిన మాటలు మాత్రం ఇవి కావు. ఆవిడ వెనక్కి తిరిగారు.

"మధుమితా, ఏంది ఇది? పాత రికార్డింగా?"

మధుమిత ముందుకు వంగి చెవిలో చెప్పింది. "సారీ ఆంటీ. సార్ మార్చమన్నారు. నాలుగు సినిమాల మీ వాయిస్ ఉంది కదా, సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చాం. మాటల ఎండింగ్స్ మార్చి టైప్ చేస్తే మీ గొంతులోనే వచ్చేసింది. మీకు చెప్పారనుకున్నా."

దమయంతి గారు తెర వైపు తిరిగారు. రేడియో స్టేషన్ ఘట్టం వచ్చింది. ఆవిడ గొంతే, ఎంతో అందంగా, ఏ తడబాటూ లేకుండా, "పట్టుబట్టింది" అంది. చిన్నప్పుడు ఇంకెవరి గొంతో తల్లిని అలా అంటే భరించలేకపోయారు. ఇప్పుడు అంటున్నది తన గొంతు. హాల్లో ఒక్కరు కూడా కదల్లేదు, ఒక్కరికీ ఏమీ అనిపించలేదు. అందరికీ సహజంగానే ఉంది.

నిఖిల తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, దిస్ ఈజ్ నాట్ వాట్ యు రీడ్" అంది గుసగుసగా. "లోయర్ లెవెల్‌లో పెట్టారు."

ఇక్కణ్ణుంచి వీరభద్రరావుకి ఈ కథలో "గారు" లేదు, "ఆరు" లేదు. ఎదురుగా చేతులు జోడించి వెనక గొంతు కోసినవాడికి వ్యాకరణం ఇంతకన్నా ఇవ్వదు.

దీపాలు వెలిగాయి. చప్పట్లు మోగాయి. వీరభద్రరావు మైకు పట్టుకుని స్టేజీ ఎక్కాడు. చానల్ వారికి, కమిటీ పెద్దలకి, హాలు ఇప్పించినవారికి, ఒక్కొక్కరికీ గారు తగిలించి కృతజ్ఞతలు చెప్పాడు. తర్వాత, "ఇక మా అమ్మాయి దమయంతి. ఈ సినిమాకి గొంతు ఇచ్చింది. రామ్మా, వచ్చి శాలువా కప్పించుకో" అన్నాడు.

రాజగోపాల్ గారు భార్య ముఖం చూశారు. అంత భయస్తుడాయన, ఈసారి మాత్రం ఊరుకోమనలేదు.

దమయంతి గారు స్టేజీ ఎక్కారు. కమిటీ ప్రెసిడెంట్ శాలువా విప్పి పట్టుకున్నాడు. ఆవిడ దాన్ని చేత్తో పక్కకి తోసి, స్టాండు మీద ఉన్న రెండో మైకు దగ్గరికెళ్ళారు.

"ఇప్పుడు మీరు విన్న గొంతు నాది. ఆ మాటలు నావి కావు. నేను పాడారు అని చదివిన. ఈ సార్ నాకు చెప్పకుండ, నా గొంతుతోనే పాడింది అనిపించిండు. మర్యాద ఇయ్యకపోతే పాడనన్న మనిషి సినిమా ఇది. మీరంతా చప్పట్లు కొట్టిన్రు. ఒక్కరికి గూడ వినబడలే. ఇంగ్లీషుల ఆమెకి లేని తక్కువ మనం తెలుగుల పెట్టినం, అది గూడ మీకు కమ్మగనే వినబడ్డది."

ఎవరో దగ్గారు. దమయంతి గారు కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకున్నారు. మళ్ళీ నోరు విప్పేసరికి హనుమకొండ మాట పోయింది, పాత రేడియో గొంతు వచ్చింది.

"ఇంతవరకూ మీరు విన్న పాటలు. రచన, సంగీతం, గిటారు, మిసెస్ కొరీన్ టాల్బట్ గారు. పాడినవారు, మిసెస్ కొరీన్ టాల్బట్ గారు." ఒక్క క్షణం ఆగారు. "మీరు వినని పాటలు. పాడినవారు, లక్ష్మమ్మ గారు."

లక్ష్మమ్మ ఎవరో హాల్లో చాలామందికి తెలియదు. ఆవిడ చెప్పలేదు కూడా. మైకు దగ్గర్నుంచి జరిగి మెట్లు దిగడం మొదలుపెట్టారు.

వీరభద్రరావు ఇబ్బందిగా నవ్వుతూ ప్రెసిడెంట్ వైపు వంగాడు. తన చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచిపోయాడు. "ఏమీ అనుకోకండీ. మొదట్నుంచీ దానికి కోపం ఎక్కువండీ" అన్నాడు.

స్పీకర్లలోంచి ఆ మాట హాలు నాలుగు మూలలకీ వెళ్ళింది. ప్రెసిడెంట్‌కి రెండు "అండీ"లు. ఆవిడకి "దానికి." ఈసారి అందరికీ వినబడింది. ముందు వరసలో ఒకాయన తల దించుకున్నాడు. వీరభద్రరావు తన చేతిలోని మైకు వైపు చూసుకున్నాడు.

నిఖిల లేచి నిలబడ్డారు. అవును, నిలబడ్డారు. నోరు విప్పితే సగం ఇంగ్లీషే వచ్చే పిల్ల, ఒక్కొక్క అక్షరం తడుముకుంటూ, హాలంతా వినబడేలా అన్నారు.

"దానికి కాదు అంకుల్. ఆవిడకి."

తల్లీ కూతుళ్ళు కోట్ల గుట్టలోంచి తమవి వెతుక్కుని బయటికి నడిచారు. వెనకే రాజగోపాల్ గారు, ఎవరికీ వెళ్ళొస్తామని చెప్పకుండా.

ఆ సినిమా చానల్‌లో ఇంకా అలాగే నడుస్తోంది. దమయంతి గారు వాళ్ళకి రాస్తే, తెలుగు నిపుణుల్ని సంప్రదించామనీ, వ్యాకరణదోషం ఏమీ లేదన్నారనీ మర్యాదగా జవాబొచ్చింది. ఆ నిపుణులెవరో వేరే చెప్పనక్కర్లేదు. అప్పుడప్పుడు కాల్గరీ నుంచో వాంకూవర్ నుంచో ఎవరైనా ఫోన్ చేసి, సినిమా చూశామండీ, మీ గొంతు ఎంత బాగుందో అంటారు. "అది నేను కాదు" అని దమయంతి గారు ఫోన్ పెట్టేస్తారు.